భీమవరం నుంచి హామ్ రేడియో మొదలుపెట్టాలనుకుంటున్నాం, నేనూ మా అమ్మాయీ. దారి చెప్పండి

భీమవరం_మొబైల్స్

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. భీమవరంలో మొబైల్ సర్వీసింగ్ షాపు నడుపుతున్నాను. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ రోజూ పట్టుకునేవే. రేడియో విషయానికొస్తే మాత్రం ఏమీ తెలియదు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి, పదమూడేళ్లు. 2025 జులైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచి బెంగళూరులో పిల్లలతో హామ్ రేడియోలో (లైసెన్సు తీసుకుని సరదాగా నడుపుకునే సొంత రేడియో) మాట్లాడిన వీడియో చూసింది. అప్పటి నుంచి "నాన్నా, మనమూ వినొచ్చా? మనమూ మాట్లాడొచ్చా?" అని ఒకటే అడగడం. అడిగీ అడిగీ నాకూ ఆసక్తి పుట్టించింది.

నా సందేహాలు ఇవి. తన వయసు వాళ్లను పరీక్ష రాయనిస్తారా? మోర్స్ కోడ్ తప్పనిసరా? ఆన్‌లైన్‌లో చైనా హ్యాండ్‌హెల్డ్ సెట్లు తక్కువ ధరకే కనిపిస్తున్నాయి. ముందు ఒకటి కొని నేర్చుకుంటూ, తర్వాత లైసెన్సు తీసుకుంటే సరిపోతుందా? మా ఊళ్లో హామ్‌లు ఉన్నారో లేదో కూడా తెలియదు.

పాత_రేడియో (విశాఖపట్నం)

స్వాగతం అండి. ముందు హ్యాండ్‌హెల్డ్ సంగతి. దయచేసి ఇప్పుడు కొనకండి. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఇంట్లో ఉంచుకోవడమే మన దేశంలో నేరం, నొక్కి మాట్లాడటం సంగతి తర్వాత. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అనుకోవద్దు. లైసెన్సు గురించి ఏమీ చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థే ఆ వెబ్‌సైట్లకు నోటీసులు ఇచ్చింది. అలాంటి సెట్టులో తెలియక ఒక మీట నొక్కితే పోలీసులో, విమానాశ్రయం వాళ్లో వాడే ఫ్రీక్వెన్సీ మీదకు వెళ్లిపోవచ్చు. చిన్న పిల్ల చేతికి ఇచ్చే వస్తువు కాదు అది.

వయసు సమస్య లేదు. పన్నెండేళ్లు నిండితే రాయవచ్చు. పరీక్ష పెట్టేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో చేసుకోవాలి. సర్టిఫికెట్లు రెండు రకాలు, రెస్ట్రిక్టెడ్, జనరల్. రెస్ట్రిక్టెడ్‌కు మోర్స్ అవసరం లేదు, రాత పరీక్ష చాలు. జనరల్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపగలగాలి, విని రాసుకోగలగాలి. రెస్ట్రిక్టెడ్ వాళ్ల కాల్‌సైన్ (గాలిలో మన గుర్తింపు పేరు) వీయూ3తో మొదలవుతుంది, జనరల్ వాళ్లది వీయూ2తో.

రాత పరీక్షలో రెండు భాగాలుంటాయి. ఒకటి రేడియో సిద్ధాంతం, రెండోది నిబంధనలు. రెస్ట్రిక్టెడ్‌లో ఒక్కో భాగంలో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం రావాలి. జనరల్‌లో అవి 50, 55. సోల్డరింగ్ చేసే చేతికి మొదటి భాగం సులువే. రెండో భాగాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. హామ్ బ్యాండ్లో వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వేయకూడదు, రహస్య సంకేతాలు వాడకూడదు. క్యూ కోడ్‌లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల పొట్టి సంకేతాలు), అక్షరాలకు ఆల్ఫా, బ్రావో, చార్లీ లాంటి పదాలు, ఆపద పిలుపు వచ్చినప్పుడు చేయాల్సినవి, ఇవన్నీ అందులో వస్తాయి. వీటిని పరీక్ష కోసమే బట్టీ పెడితే గాలిలోకి వెళ్లాక ఇబ్బంది పడతారు.

సిగ్నల్_వేట (హైదరాబాద్)

పాత_రేడియో గారి మాటకు నాదొక చేర్పు. లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. ఆ నెలలన్నీ వినడానికి వాడుకోండి. ఈ హాబీలో సగం ఆనందం వినడంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు, పైసా ఖర్చు లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ల వెబ్ఎస్‌డీఆర్ రిసీవర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. 7 మెగాహెర్ట్జ్, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలోకి వెళ్లి అమ్మాయిని వినమనండి. 14.074 దగ్గర పక్షుల గుంపులా ఒక ఈల వినిపిస్తుంది. అది ఎఫ్‌టీ8. నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీతో కలిసి 2017లో తెచ్చిన డిజిటల్ పద్ధతి. మామూలు చెవికి ఏమీ వినిపించనంత బలహీనమైన సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ చదివేస్తుంది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లాప్‌టాప్‌లో వేస్తే ఎవరు ఏ దేశం నుంచి పిలుస్తున్నారో తెర మీద కనపడుతుంది. లాప్‌టాప్ గడియారం మాత్రం సెకనుకు అటూ ఇటూ కాకుండా ఉండాలి. 15 సెకన్ల వంతుల్లో నడుస్తుంది అది.

అంతరిక్ష కేంద్రం అడిగారు కదా. దాని నుంచి కిందకు వచ్చే సిగ్నల్ 145.800 మెగాహెర్ట్జ్, ఎఫ్ఎం. ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగుల్ (కంప్యూటర్ యూఎస్‌బీకి పెట్టే చిన్న రిసీవర్), యాంటెన్నాకు రెండు తీగ ముక్కలు చాలు. 71.5ను 145తో భాగిస్తే మీటర్లలో పావు తరంగం పొడవు వస్తుంది, దాదాపు 49 సెంటీమీటర్లు. అంతే పొడవున్న రెండు తీగలు వి ఆకారంలో పరిచి మేడ మీద పెట్టండి. స్టేషన్ మన మీదుగా దాటేది పది నిమిషాల లోపే. దగ్గరకు వస్తున్నప్పుడు సిగ్నల్ కాస్త పైన, దూరమవుతున్నప్పుడు కాస్త కింద వినిపిస్తుంది. డాప్లర్ ప్రభావం గురించి ఆ అమ్మాయికి మరో పాఠం అక్కర్లేదు. అప్పుడప్పుడు వాళ్లు ఎస్ఎస్‌టీవీ బొమ్మలు (శబ్దంగా మార్చి పంపే కదలని చిత్రాలు) కూడా పంపుతారు. ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని ఆ చప్పుడు వినిపిస్తే బొమ్మ గీతలు గీతలుగా వస్తుంది.

మోర్స్_పిచ్చి (తిరుపతి)

నేను కొంచెం వేరే మాట చెప్తాను. ఇద్దరూ నేరుగా జనరల్‌కే వెళ్లండి. రెస్ట్రిక్టెడ్ తీసుకున్నవాళ్లలో చాలామంది "తర్వాత చూద్దాం" అంటూ అక్కడే ఆగిపోవడం చూశాను. పదమూడేళ్ల పిల్లకు మోర్స్ మనకంటే త్వరగా వస్తుంది. భాష నేర్చుకునే వయసు అది.

ఒక్క విషయం జాగ్రత్త. చుక్కలూ గీతలూ కాగితం మీద రాసిన పట్టిక చూసి నేర్పకండి. అలా నేర్చుకున్నవాళ్లు ప్రతి అక్షరానికీ మనసులో పట్టిక తిరగేస్తారు, వేగం పెరగదు. కోచ్ పద్ధతి వాడండి. మొదట కె, ఎం అనే రెండు అక్షరాలే, పూర్తి వేగంతో. విన్నవాటిలో పదికి తొమ్మిది సరిగ్గా పడుతున్నప్పుడే మూడో అక్షరం కలపండి. ఎల్‌సీడబ్ల్యూఓ సైట్‌లో ఇది ఉచితంగా ఉంది. రోజూ పావుగంట చాలు. ఆదివారం ఒక్కసారే రెండు గంటలు కూర్చుంటే రాదు.

అన్నట్టు, కేవలం పరీక్ష కోసం కాదు మోర్స్. తక్కువ పవర్‌తో, సాదాసీదా సెట్టుతో ఎక్కువ దూరం వెళ్తుంది. చవకగా తయారు చేసుకోగలిగే మొదటి ట్రాన్స్‌మిటర్ కూడా మోర్స్‌దే.

పాత_రేడియో

> ఇద్దరూ నేరుగా జనరల్‌కే వెళ్లండి

అమ్మా, మీ మాటలో నిజముంది. అయినా నేను ఒప్పుకోను. పిల్లలకు తొందరగా ఒక గెలుపు కావాలి. రెస్ట్రిక్టెడ్ పాసై, కాల్‌సైన్ వచ్చి, నాన్నతో కాకుండా ఎవరో తెలియని మనిషితో మొదటిసారి మాట్లాడితే ఆ ఉత్సాహమే మోర్స్ నేర్పిస్తుంది. హెచ్ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) రెస్ట్రిక్టెడ్ వాళ్లకుండే 50 వాట్లు కూడా చిన్న సంగతి కాదు, సరైన తీగ ఉంటే ఖండాలు దాటుతుంది. జనరల్ వాళ్లకు 400 వాట్ల దాకా ఉంది కానీ మొదటి ఏడాది దానితో పనేమీ పడదు.

తండ్రి జనరల్, కూతురు రెస్ట్రిక్టెడ్ రాసినా బాగుంటుంది.

డల్లాస్_తెలుగు

ఇక్కడ అమెరికాలో టెక్నీషియన్ పరీక్ష పాసయ్యాను కాబట్టి పోలిక కోసం చెప్తున్నా. 35 ప్రశ్నలు, 26 సరైతే పాస్. ప్రశ్నల బ్యాంకు మొత్తం ముందే బయటపెడతారు. మోర్స్‌ను 2007లోనే అన్ని స్థాయిల్లోనూ తీసేశారు. పౌరసత్వం అవసరం లేదు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లూ, చదువుకునే పిల్లలూ రాయవచ్చు. లైసెన్సు ఫీజు 35 డాలర్లు. ఇక్కడున్న మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు, అందుకే రాస్తున్నా. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇక్కడి కాల్‌సైన్ పట్టుకుని ఇండియా వెళ్లి ప్రసారం చేయకూడదు. దానికి అక్కడి అనుమతి విడిగా కావాలి.

భీమవరం గారూ, డల్లాస్ నుంచి మన ఊరి వైపు నేరు దారి దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా వెళ్తుంది. అందుకే సిగ్నల్ చాలా బలహీనపడి చేరుతుంది. మీ అమ్మాయికి గ్లోబు మీద దారం పెట్టి చూపించండి, మ్యాపులో కనిపించే దారికీ దీనికీ పొంతనే ఉండదు. మీ కాల్‌సైన్లు వచ్చాక 14 మెగాహెర్ట్జ్‌లో తప్పకుండా ప్రయత్నిద్దాం.

భీమవరం_మొబైల్స్

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. హ్యాండ్‌హెల్డ్ ఆలోచన మానేశాను. డాంగుల్ తెప్పించాం. వెబ్ఎస్‌డీఆర్‌లో అమ్మాయి రాత్రి పడుకునే వరకూ వింటోంది, ఎవరో ఇటలీ ఆయన "సీక్యూ సీక్యూ" (ఎవరైనా మాట్లాడతారా అనే పిలుపు) అంటుంటే తనూ అంటోంది.

కానీ షాపులో డాంగుల్ పెడితే 7 మెగాహెర్ట్జ్ అంతా బుస్సుమని చప్పుడు. మనుషుల మాట ఒక్కటీ వినపడట్లేదు. డాంగుల్ పాడైనదా?

కరీంనగర్_కాయిల్

డాంగుల్ బాగానే ఉండి ఉంటుంది అన్నా. మొబైల్ షాపంటే పదుల కొద్దీ ఛార్జర్లు. ఒక్కో ఛార్జరూ ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ లెక్కే. లోపల స్విచింగ్ సప్లై నడిచే తీరే అలాంటిది. దాని చప్పుడు హెచ్ఎఫ్ బ్యాండంతా పరుచుకుంటుంది. ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, ఇన్వర్టర్, సీసీ కెమెరా అడాప్టర్, అన్నీ అంతే. మీ వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల మోటార్లు డ్రైవ్‌ల మీద నడుస్తుంటే ఆ చప్పుడు కూడా దూరం నుంచి వస్తుంది.

చేయాల్సింది ఇది. లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టి, ఇంట్లో మెయిన్ ఆపేసి వినండి. చప్పుడు తగ్గిందా? తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్ వేస్తూ వెళ్తే ఎవరో దొరికిపోతారు. తగ్గకపోతే బయటి నుంచి వస్తోంది, అప్పుడు యాంటెన్నాను కరెంటు తీగలకు దూరంగా జరపాలి. డాంగుల్ యూఎస్‌బీ వైరుకు రెండు వైపులా ఫెరైట్ క్లిప్‌లు వేయండి. పాత మానిటర్ కేబుళ్లకు ఉండే ఉబ్బెత్తు ముక్కలు అవే, మీ షాపు చెత్తబుట్టలోనే దొరకవచ్చు. ఇంకో సంగతి, ఆ డాంగుల్ 7 మెగాహెర్ట్జ్ వినాలంటే సెట్టింగుల్లో డైరెక్ట్ శాంప్లింగ్ పెట్టాలి. అన్ని మోడళ్లలో అది పనిచేయదు, మీది ఏదో చూడండి.

తర్వాత తీగ. 40 మీటర్ల బ్యాండుకు, అంటే 7 మెగాహెర్ట్జ్‌కు, డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా చాచే తీగ యాంటెన్నా) కట్టండి. లెక్క తేలిక. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్లు పైచిలుకు, అంటే మధ్య నుంచి అటు పది, ఇటు పది. హౌస్ వైరింగ్‌కు వాడే మామూలు రాగి తీగ చాలు. కొసల్లో ఇన్సులేటర్లకు పీవీసీ పైపు ముక్కలు. కొంచెం పొడుగ్గా కోసి, తర్వాత తగ్గించుకుంటూ రండి. కోసింది మళ్లీ అతకడం కష్టం. మధ్యను ఎత్తులో కట్టి రెండు కొసలూ కిందకు దించితే ఇన్వర్టెడ్ వి. ఒకే స్తంభం సరిపోతుంది, మేడ మీద చోటు తక్కువున్నా పర్వాలేదు.

పాత_రేడియో

కొబ్బరి చెట్టుకు కడదామనుకుంటారు మీ వైపు వాళ్లు. కట్టండి, కానీ కొసను గట్టిగా బిగించకండి. చెట్టు గాలికి ఊగుతుంది, తీగ తెగుతుంది. చెట్టుకు చిన్న కప్పీ కట్టి, తాడు దాని మీదుగా వేసి, చివర ఒక బరువు వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడు బరువు పైకీ కిందకీ కదులుతుంది, తీగ క్షేమంగా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, వీధి కరెంటు తీగల దగ్గరికి మీ తీగ వెళ్లకూడదు. తెగి పడినా వాటి మీద పడేలా ఉండకూడదు. ఉరుము వినపడగానే కోయాక్స్ (యాంటెన్నా నుంచి సెట్టుకు వచ్చే కేబుల్) పీకేసి ఇంటి బయట పెట్టాలి. ఈ రెండింట్లో మినహాయింపు లేదు. అమ్మాయి ఒక్కతే మేడ మీద తీగ పని చేయకూడదు.

సిగ్నల్_వేట

మీరు సోల్డరింగ్ మనిషి కాబట్టి ఇది మీకోసమే. లైసెన్సు వచ్చాక మొదటి హెచ్ఎఫ్ సెట్టు కొనేముందు బిటెక్స్ గురించి చదవండి. మన హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) డిజైన్. విదేశీ సెట్టు కొనలేనివాళ్లు మామూలు ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే వాటితో ఒక ఎస్ఎస్‌బీ ట్రాన్సీవర్ (హెచ్ఎఫ్‌లో మాట పంపడం, వినడం రెండూ చేసే సెట్టు) కట్టుకోవాలని దాన్ని రూపొందించి, సర్క్యూట్ అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. కాయిల్స్ చుట్టుకోవడానికి కుళాయిల్లో వేసే నైలాన్ వాషర్లు కూడా పనికొస్తాయని చూపించారు. తర్వాత అదే వరసలో బిటెక్స్40, మైక్రోబిటెక్స్ కిట్లు హైదరాబాద్ నుంచే ప్రపంచమంతా వెళ్లాయి. మైక్రోబిటెక్స్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకూ పనిచేస్తుంది, పవర్ పది వాట్ల చుట్టుపక్కల. పాడైతే మీరే బాగుచేసుకోగలరు. సీల్ వేసిన డబ్బాతో ఆ తృప్తి రాదు.

పరీక్షకు తయారవడానికి హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి. వాళ్ల శిక్షణ గురించి కనుక్కోండి.

మోర్స్_పిచ్చి

ఆ సంస్థ పేరు వచ్చింది కాబట్టి భారతీ ప్రసాద్ గారి గురించి మీ అమ్మాయికి చెప్పండి. కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ. ఆ సంస్థ తరఫున 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లారు. ఎన్నో ఏళ్లుగా హామ్ ప్రసారాలు లేని చోటు అది, ప్రపంచమంతా వీయూ4 (అండమాన్ కాల్‌సైన్ మొదలు) పిలుపు కోసం ఎదురుచూస్తోంది. పోర్ట్ బ్లెయిర్ హోటల్లో స్టేషన్ పెట్టి వేల కాంటాక్టులు చేస్తుండగా డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాగా మొదలైన ఆ స్టేషన్ అక్కడి నుంచి సహాయ సమాచార కేంద్రంగా మారింది. క్షేమంగా ఉన్నవాళ్ల కబుర్లు దేశంలోని కుటుంబాలకు ఆ రేడియో ద్వారానే చేరాయి.

అందుకే రోజూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడాన్ని నేను వృథా అనుకోను. ఆ రోజు ఆవిడ చేతికి అంత వేగం, అంత స్పష్టత ఎక్కడి నుంచి వచ్చాయి? రోజూ వందలమందితో మాట్లాడిన అలవాటు నుంచే.

పాత_రేడియో

నిజం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా విశాఖలో టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాయి. కారు బ్యాటరీ, ఒక సెట్టు, పక్కింటి మేడకు కట్టిన తీగ. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో, మీ తీరంలో ఇలాంటి స్టేషన్లు ఇంకా చాలా రావాలి. తుపాను రేఖ మీద ఉన్న ఊరు మీది. ఆ మాటకొస్తే మీ ఇద్దరి కోసం కాదు, మీ ఊరి కోసం అడుగుతున్నాను, మధ్యలో వదిలేయకండి.

నిర్వాహకుడు

చర్చ బాగా సాగుతోంది. కొత్తవారికి ఒక మనవి. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఇక్కడ పెట్టవద్దు. లైసెన్సు లేని ప్రసారాల గురించి "ఎవరూ పట్టించుకోరు" అనే సలహాలు తొలగిస్తాం. ఇప్పటికే ఒకటి తొలగించాం.

భీమవరం_మొబైల్స్

మెయిన్ ఆపి చూశాం అన్నా. చప్పుడు సగానికి పైగా పోయింది! దొంగ ఎల్ఈడీ ట్యూబులైటు. దాన్ని మార్చేశాను. డైపోల్ షాపు మీద కాకుండా ఇంటి మేడ మీద కట్టాం, కప్పీ, బరువు చెప్పినట్టే. పొద్దున పూట 7 మెగాహెర్ట్జ్‌లో మనవాళ్లు తెలుగులో మాట్లాడుకోవడం వినపడింది. మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది.

ఇప్పుడు అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలు, నాకు జవాబు తెలియదు. పగలు దగ్గరి ఊళ్లు బాగా వినిపించి, రాత్రయ్యేసరికి వాళ్లు మాయమై దూరదేశాలు ఎందుకు వస్తాయి? 7కి కట్టిన తీగ మీద 21 మెగాహెర్ట్జ్ కూడా బాగా వినిపిస్తోంది, 14 మాత్రం అంతగా లేదు, ఎందుకు?

కరీంనగర్_కాయిల్

అమ్మాయి చెవి మంచిది అన్నా, రెండూ పరీక్షలో వచ్చే ప్రశ్నలే అడిగింది.

మొదటిది. పైన అయనావరణంలో (ఎండకు విద్యుదావేశం పొందిన పై గాలిలో) పొరలున్నాయి. పగలు ఎండకు కింది డి పొర ఏర్పడి 7 మెగాహెర్ట్జ్‌ను పీల్చేస్తుంది. దూరం వెళ్లాల్సిన సిగ్నల్ ఏటవాలుగా ఆ పొరలో ఎక్కువసేపు ప్రయాణించాలి, కాబట్టి అదే ఎక్కువ నష్టపోతుంది. నిటారుగా పైకి వెళ్లి ఎఫ్ పొర మీద తగిలి తిరిగొచ్చేది తక్కువ నష్టపోతుంది. అందుకే పగలు కొన్ని వందల కిలోమీటర్ల లోపువాళ్లు. రాత్రి డి పొర పోతుంది, దూరాలు తెరుచుకుంటాయి. అదే సమయంలో ఎఫ్ పొర పలచబడి, నిటారుగా వెళ్లిన 7 మెగాహెర్ట్జ్‌ను వెనక్కి పంపలేకపోతుంది. దగ్గరివాళ్లు అలా మాయమవుతారు.

రెండోది. డైపోల్ సగం తరంగం పొడవు. మూడింతల ఫ్రీక్వెన్సీలో అదే తీగ ఒకటిన్నర తరంగం అవుతుంది. 7కి మూడింతలు 21. అప్పుడు మధ్యలో ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) మళ్లీ కోయాక్స్‌కు సరిపడేలా వస్తుంది. 14 అంటే రెండింతలు, పూర్తి తరంగం. మధ్యలో ఇంపెడెన్స్ చాలా ఎక్కువైపోయి కోయాక్స్‌తో జత కుదరదు. 40 మీటర్ల డైపోల్ కట్టినవాళ్లకు 15 మీటర్ల బ్యాండు (21 మెగాహెర్ట్జ్) ఉచితంగా వచ్చినట్టే.

భీమవరం_మొబైల్స్

ఇవాళే నోట్సులో రాసుకుంది. నిర్ణయం చెప్తాను. తను రెస్ట్రిక్టెడ్‌కు, నేను జనరల్‌కు దరఖాస్తు పెడుతున్నాం. మోర్స్ మాత్రం ఇద్దరం కలిసే నేర్చుకుంటున్నాం, కె, ఎం, ఆర్ దాకా వచ్చాం. లైసెన్సు ఎన్నేళ్లకు తీసుకోవాలి?

సిగ్నల్_వేట

20 ఏళ్లకు వెయ్యి, జీవితకాలానికి రెండు వేలు. అమ్మాయికి జీవితకాలానిదే తీసుకోండి. కట్టే ముందు పోర్టల్‌లో ఫీజు, నిబంధనలు మరోసారి చూసుకోండి. పరీక్ష కేంద్రం విషయంలో మీకు విశాఖ, హైదరాబాద్ రెండూ రాత్రి రైలు దూరమే.

పాత_రేడియో

విశాఖలో అయితే నాకు మెసేజ్ పెట్టండి, ముందు రోజే రండి. నా స్టేషన్ చూపిస్తాను, పాత ప్రశ్నలు కూర్చుని చేద్దాం.

అమ్మాయి చేత ఇప్పటి నుంచే లాగ్‌బుక్ రాయించండి. విన్న ప్రతి స్టేషన్‌కూ తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, కాల్‌సైన్, సిగ్నల్ ఎంత బాగా వచ్చిందో ఐదులో స్పష్టత, తొమ్మిదిలో బలం. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) రాయాలి, మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేయమనండి. తెల్లవారుజామున ఐదున్నర లోపు విన్నవాటికి తేదీ కూడా వెనక్కి జరుగుతుంది, అక్కడ చాలామంది తడబడతారు.